వాన తీసుకుపోయిన గంధకం

(నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల కోసం ఏర్పాటైన సాయంత్రపు ప్రసంగం ఇది. వక్త లోహ గనుల మిల్లుల్లో 30 ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఇంజనీరు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెప్పండి అని అడగడం దండగ, వినిపించనివాళ్లకు ఆ మాటా వినిపించదు. చేతులు ఊపుతున్నారు కాబట్టి పర్వాలేదు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 11 ఏళ్లప్పుడు మా నాన్న చెలకలో బావి తవ్వించాడు. రోజూ బడి నుంచి వచ్చి గట్టు మీద కూర్చుని చూసేవాణ్ని. పైన మోకాలి లోతు ఎర్రమట్టి. దాని కింద మొరం. మొరం అంటే మీకు చెప్పనక్కర్లేదు, మీ ఊరి రోడ్డుకు పోసేది అదే. గడ్డపార దిగుతుంది, చేత్తో నలిపితే రాలుతుంది. ఇంకా కిందికి పోతే పగుళ్ల రాయి. పగుళ్ల అంచులు పసుపుగా, ఎర్రగా ఉంటాయి, వేలు పెడితే చెమ్మ తగులుతుంది. ఆ తర్వాత నిగనిగలాడే బండ. అక్కడికి వచ్చాక తవ్వేవాళ్లు చేతులెత్తేసి తూటాలు పెట్టేవాళ్లను పిలిపించమన్నారు. ఇవి నాలుగు రకాల రాళ్లా అని నాన్నను అడిగాను. "కాదురా, అంతా ఒకటే బండ. పైనున్నది ఎండకు ఎండి, వానకు నాని అలా అయింది" అన్నాడు. ఆయన బడి ముఖం చూడలేదు. తర్వాత నేను చదివిన చదువులో సగం ఆ ఒక్క మాటకు వివరణే.

ఇంటికి వెళ్లేటప్పుడు గుప్పెడు మొరం తీసి చూడండి. గాజు ముక్కల్లా మెరిసేవి క్వార్ట్జ్ గింజలు, వాటికి ఏమీ కాలేదు. తెల్లటి మెత్తటి పొడి ఒకప్పుడు ఫెల్డ్‌స్పార్, ఇప్పుడు బంకమట్టి. బంగారు రంగు రేకులు ఒకప్పటి నల్ల అభ్రకం. గ్రానైట్‌లోని ఫ్లోరిన్ మన బావి నీళ్లలోకి దిగేది కూడా రాయి ఇలా కరిగే దారిలోనే. ఆ సంగతి నల్లగొండలో నిలబడి నేను చెప్పనక్కర్లేదు, మన పెద్దవాళ్ల నడుములు చెబుతాయి.

ఇప్పుడు ఆ బావిలో గ్రానైట్‌కు బదులు రాగి ఖనిజం ఉందనుకోండి. అడుగున ఉన్నది చాల్కోపైరైట్. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, ఇత్తడిలా పసుపుగా మెరుస్తుంది. దాని పక్కనే పైరైట్ ఉంటుంది, అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. వాన నీరు, గాలి పైరైట్‌ను తాకితే ఏమవుతుంది? సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఫ్యాక్టరీ లేదు, పొగగొట్టం లేదు, కొండ తనంతట తానే యాసిడ్ తయారుచేసుకుంటుంది. ఆ యాసిడ్ రాగిని కరిగించి కిందికి మోసుకుపోతుంది. పైన మిగిలేది తుప్పు రంగు ఇనుప ఆక్సైడ్ల గుల్ల. గనుల వాళ్లు దాన్ని గాసన్ అంటారు, ఇనుప టోపీ అని కూడా అంటారు. దాని కింద, దారిలో కార్బొనేట్ దొరికిన చోట, రాగి పచ్చటి మాలకైట్‌గా, నీలి అజురైట్‌గా గడ్డకడుతుంది. ఇంకా కిందికి, నీటిమట్టం దాటి, గాలి అందని చోటికి చేరిన రాగి మళ్లీ గంధకంతో కలిసి చాల్కోసైట్ అవుతుంది. అది అన్నిటికన్నా గొప్ప పొర. అంతకన్నా కింద, ఎవరూ ముట్టని అసలు ఖనిజం. మా నాన్న బావిలాగే నాలుగు పొరలు, ఒకటే బండ.

మాలకైట్ అంటే ఎక్కడో ఉండే రాయి అనుకోకండి. మీ ఇంట్లో రాగి చెంబు ఉందా? వానాకాలం అటక మీద వదిలేస్తే ఏం పడుతుంది? కిలుము. కొందరు చిలుము అంటారు. ఆ పచ్చటి పొరలో ఉండేదీ ఇంచుమించు మాలకైట్ లాంటి పదార్థమే. కొండలో ఉన్న రాగికి పట్టిన కిలుమే మాలకైట్ అని గుర్తుపెట్టుకుంటే పరీక్షలో తప్పు పోదు. మరి చెంబును దేనితో తోముతారు? చింతపండుతో. ఆ చింతపండును పక్కన ఉంచండి, దానితో మళ్లీ పని ఉంది.

ఇప్పుడు నురగ సంగతి. మీ పుస్తకంలో "ప్లవన ప్రక్రియ" అని నాలుగు వాక్యాలు, ఒక బొమ్మ ఉంటాయి. మిల్లులో మేము ఫ్లోటేషన్ అనే అంటాం. గని రాయిని పొడిచేసి, నీళ్లలో కలిపి, అందులోని ఖనిజాన్ని నురగతో పైకి తేల్చి వేరుచేయడం. బియ్యం గాలించడం మీలో ఎంతమందికి వచ్చు? అమ్మాయిలే కాదు, అబ్బాయిలూ చెప్పాలి. గాలిస్తే బియ్యం నీళ్లతో పాటు జారుతుంది, రాయి అడుగున ఉండిపోతుంది. బరువైనది కిందికి, తేలికైనది పైకి. న్యాయంగా ఉంది కదా? ఫ్లోటేషన్ ఈ న్యాయాన్ని తలకిందులు చేస్తుంది. సీసపు ఖనిజం గెలీనా నీటికన్నా ఏడున్నర రెట్లు బరువు. అది పైకి తేలుతుంది. బరువులో దానికి ఇంచుమించు మూడో వంతే ఉండే ఇసుక అడుగున ఉండిపోతుంది.

ఎలా తేలుతుంది? చామాకు మీద నీళ్లు పోసి చూడండి. ఆకు తడవదు, బొట్టు ముత్యంలా దొర్లిపోతుంది. ఖనిజం రేణువు ఒంటికి అలాంటి తడవని పొర తొడిగితే, అది నీళ్లలో ఉండడం ఇష్టపడదు. పక్కనుంచి గాలి బుడగ పోతుంటే దాన్ని పట్టుకుని పైకి పోతుంది. ఆ పొర తొడిగే మందు పేరు కలెక్టర్. జిల్లా కలెక్టర్ కాదండీ, జాంథేట్ అనే రసాయనం. దాని ఒక కొస ఖనిజాన్ని పట్టుకుంటుంది, నూనె లాంటి రెండో కొస నీళ్లకు వీపు చూపిస్తుంది. బుడగలు పగిలిపోకుండా నిలబెట్టడానికి ఇంకో మందు, పైన్ నూనె లాంటిది. కుంకుడుకాయ రసం నురగ నిలిచినట్టు నిలవాలి. ఇంత పెద్ద పనికి మందు ఎంత పడుతుందో తెలుసా? మంచి సల్ఫైడ్ ఖనిజమైతే, అంటే లోహం గంధకంతో కలిసి ఉన్నదైతే, టన్నుకు కొన్ని పదుల గ్రాముల జాంథేట్. టన్ను రాయికి, వంటగదిలో ఓ పిడికెడు ఉప్పంత!

ఎందుకంత తక్కువ సరిపోతుంది? ఇది రేణువు ఒంటి మీది వ్యవహారం, లోపల ఏముందో బుడగకు అనవసరం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అడుగుతాను.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. నూనెతో ఖనిజాన్ని వేరుచేయవచ్చని 1860లోనే ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నారు. 1886లో అమెరికాలో క్యారీ ఎవర్సన్ అనే మహిళ నూనె, ఆమ్లం కలిపి చేసే పద్ధతికి పేటెంటు పొందింది. కానీ పెద్ద ఎత్తున పని మొదలైంది ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో, 1900 దాటాక. అక్కడి కథ వినండి, నాకు భలే ఇష్టం. 1883లో ఆ కొండ బయటపడ్డప్పుడు పైపొరలో ఉన్నదంతా వానకు మాగిన ఖనిజం. సీసం, వెండి. కొలిమిలో వేస్తే సులువుగా లోహం వచ్చేది. పైపొర అయిపోయి కింద తాజా సల్ఫైడ్ తగిలేసరికి అందరూ తల పట్టుకున్నారు. సీసం, జింకు రెండూ అల్లుకుపోయి ఉన్నాయి, విడదీయడం చేతకాక జింకును గుట్టలు గుట్టలుగా పారబోశారు. ఆ గుట్టల కోసమే ఫ్లోటేషన్ పుట్టింది. మొదట్లో నురగకు అక్కడి చెట్ల నీలగిరి తైలమే వాడేవారు. అంటే ఆనాడు మాగిన ఖనిజం సులువు, తాజాది తలనొప్పి. ఈనాడు? తాజాది మిల్లులో వేస్తే నిద్రలో కూడా తేలుతుంది. మాగిన ఖనిజమే తలనొప్పి.

ఎందుకు తలనొప్పి? నేను బావి గట్టు మీద కాకుండా మిల్లులో నేర్చుకున్న పాఠం ఇది. చెబుతాను. మిల్లు పేరు, ఊరు పేరు అడగకండి.

ఉద్యోగంలో చేరి ఐదారేళ్లయింది. రాగి మిల్లు. లోతు గని నుంచి వచ్చే ఖనిజంతో రికవరీ, అంటే రాయిలోని రాగిలో మేము పట్టుకోగలిగే వంతు, 90 శాతం పైన నిలకడగా ఉండేది. ఒక వానాకాలం లోతు గనిలో నీళ్లు చేరి, కొన్నాళ్లు పై బెంచీల నుంచి, అంటే గని పైమెట్ల నుంచి, తవ్వి పంపారు. ల్యాబు రిపోర్టులో రాగి శాతం ఎప్పటిలాగే ఉంది. రికవరీ మాత్రం రోజురోజుకూ పడిపోతోంది. పైవాళ్లు రాత్రి షిఫ్టు నిద్రపోతోందన్నారు. నేను జాంథేట్ పెంచాను. మళ్లీ పెంచాను. నురగ ఉబ్బింది, రికవరీ కదల్లేదు.

మా దగ్గర నురగ చూసే ఆపరేటర్ ఒకాయన ఉండేవాడు. మన పాలమూరు మనిషి. డ్యాము పనుల కోసం ఊరు విడిచి, దేశమంతా కాంక్రీటు మోసి, ఆ మిల్లు కట్టడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. పాలమూరు వాళ్లు లేని డ్యాము ఈ దేశంలో ఉందా చెప్పండి. ఆయన నురగను రెండు వేళ్ల మధ్య రుద్ది గ్రేడు చెప్పేవాడు, ల్యాబు లెక్క వచ్చేసరికి పెద్ద తేడా ఉండేది కాదు. ఒక రాత్రి నన్ను చివరి తొట్టి దగ్గరికి పిలిచాడు. అక్కడ బయటికి పారే బురద, టెయిలింగ్స్ అంటాం, దాన్ని నల్లటి రబ్బరు పళ్లెంలోకి తీసుకున్నాడు. నీళ్లు పోసి, పళ్లెం వంచి, మణికట్టుతో చిన్నగా కొట్టాడు. ఇసుక జారిపోయింది. పళ్లెం అంచున సన్నటి గీత మిగిలింది. టార్చి వేసి, "సార్, ఇది పచ్చగా ఉంది. మన రాయి పచ్చగా ఉండదు కదా" అన్నాడు.

పచ్చగా ఉంది. మాలకైట్. మేము చేతులారా పారబోస్తున్న రాగి.

ల్యాబు అబద్ధం చెప్పలేదు. మొత్తం రాగి ఎంత అని మేము అడిగాం, అది చెప్పింది. అందులో ఎంత రాగి మాగిపోయింది అని మేము అడగలేదు. దానికి చిన్న పరీక్ష ఉంది. పొడిని పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి ఉంచితే మాలకైట్, అజురైట్ కరుగుతాయి, చాల్కోపైరైట్ దాదాపు కరగదు. ద్రవంలోకి వచ్చిన రాగిని విడిగా కొలవాలి. కెమిస్ట్రీ విద్యార్థులూ, మీలో ఎవరైనా గని ల్యాబులో చేరితే, అడగకపోయినా ఈ అంకె కూడా రాసి పంపండి. ఎవరో ఒక కుర్ర ఇంజనీరు మీకు దండం పెట్టుకుంటాడు.

ఇప్పుడు ఆ పచ్చ రాయి ఎందుకు తేలదో చూద్దాం. బుడగ చూసేది ఒంటినే అన్నాను కదా. చాల్కోపైరైట్ ఒంటి మీద గంధకం ఉంది, నీళ్లతో దానికి పెద్ద చుట్టరికం లేదు. మాలకైట్ ఒంటి మీద కార్బొనేట్, హైడ్రాక్సైడ్. నీళ్లంటే ప్రాణం. పైగా కాస్త కరుగుతుంది కూడా. జాంథేట్ వచ్చి దాని మీద వాలితే, వాలిన చోటే ఊడి నీళ్లలోకి పోతుంది. కరిగిన రాగి అయాన్లు నీళ్లలో తిరుగుతూ మిగతా జాంథేట్‌ను కూడా మింగేస్తాయి. నేను కుమ్మరించిన మందు అంతా అలాగే పోయింది. ఇంకో గొడవ ఉంది. సీసం, జింకు కలిసిన మిల్లుల్లో ఈ రాగి అయాన్లు జింకు ఖనిజం ఒంటికి అంటుకుని దానికి లేని ఉత్సాహం తెస్తాయి. సీసం తేలాల్సిన తొట్టిలో జింకు తేలి కూర్చుంటుంది. అందుకే పూర్తిగా మాగిన ఖనిజం కన్నా సగం మాగినది ఎక్కువ ఏడిపిస్తుంది. పచ్చి కాయ, పండు రెండూ కలిసిన గంపలాంటిది.

మరి మందు ఏమిటి? ఈ రెండు సీసాలు చూడండి. ముందు వరుసలో వాళ్లు ముక్కు మూసుకోవాలేమో, ముందే చెబుతున్నాను. రెండిట్లోనూ నీళ్లు, అడుగున పచ్చటి మాలకైట్ పొడి. ఒకదానిలో సోడియం సల్ఫైడ్ ద్రావణం నాలుగు చుక్కలు వేస్తున్నాను. ఊపుతున్నాను. ఏ రంగు వచ్చింది? గోధుమ... ఇప్పుడు నలుపు. అంతే. గింజ లోపల ఇంకా పచ్చగానే ఉంది. ఒంటి మీద మాత్రం రాగి సల్ఫైడ్ పొర పట్టింది. వాన ఏ గంధకాన్ని పట్టుకుపోయిందో ఆ గంధకాన్ని నాలుగు చుక్కల్లో తిరిగి ఇచ్చాం. ఇప్పుడు జాంథేట్ వేస్తే అది చాల్కోపైరైట్ అనుకునే పట్టుకుంటుంది. దీన్ని సల్ఫిడైజేషన్ అంటారు. కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా? ఆ సీసాలో ఆమ్లం పడితే వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, అది ప్రాణం తీసే విషవాయువు. మోతాదు ఎక్కువైతే ముక్కు దాని వాసన పట్టడం కూడా మానేస్తుంది. వాసన పోయింది కదా అని ప్రమాదం పోయిందనుకోకూడదు. సీసా మూత పెట్టేస్తున్నాను. బాబూ, ఆ కిటికీ తెరువు.

ఈ సంగతి అప్పటికే పుస్తకాల్లో ఉంది, నేనూ చదివాను. మర్నాడే డ్రమ్ములు తెప్పించి సోడియం సల్ఫైడ్ పోయించాను. కాస్త ఎక్కువే పోయించాను, ఎందుకంటే పైవాళ్లు లెక్క అడుగుతున్నారు. ఏమైంది? నురగ చచ్చిపోయింది. ఉతికిన బట్టల నీళ్లమీద తేలే తెల్లటి బుడగల్లా, ఖాళీగా. మాలకైట్ తేలలేదు సరికదా, అంతవరకూ బుద్ధిగా తేలుతున్న చాల్కోపైరైట్ కూడా మునిగింది. పొర పట్టాక మిగిలిన సల్ఫైడ్ అయాన్లు నీళ్లలోనే ఉండిపోయి, ప్రతి రేణువు ఒంటినీ ఆక్రమించి, జాంథేట్‌ను దగ్గరికి రానివ్వలేదు. తక్కువైతే పొర పట్టదు, ఎక్కువైతే మందే విషం. పాలలో తోడు వేసేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు, ఇంజనీర్లకే ఆలస్యంగా తెలుస్తుంది. ఆ రోజు షిఫ్టు నష్టం నా ఖాతాలోదే. రాత్రి షిఫ్టు వాళ్లు ఎవరూ నిద్రపోలేదు.

తర్వాత కుదిరిన పద్ధతి ఇది. ముందు సోడియం సల్ఫైడ్ జోలికి పోకుండా తాజా ఖనిజాన్ని తేల్చి తీసేయాలి. మిగిలిన బురదకు సోడియం సల్ఫైడ్ ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా ఇవ్వాలి. ప్రతి విడత తర్వాత జాంథేట్, వెంటనే తేల్చడం, మళ్లీ కొంచెం మందు. ఎక్కువసేపు కలుపుతూ కూర్చోకూడదు. మాలకైట్ మీద పట్టే ఆ నల్ల పొర గట్టిది కాదు, గోడకు వేసిన సున్నంలా రాలిపోతుంది. రాలిన పొడి మళ్లీ జాంథేట్‌ను తింటుంది. ఇప్పటి మిల్లుల్లో సల్ఫైడ్ అయాన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ తొట్టిలో పెట్టి, మైనస్ 500 మిల్లీవోల్టుల దరిదాపుల్లో ఉండేలా మందును చుక్కచుక్కగా వదులుతారు. మా రోజుల్లో ఎలక్ట్రోడ్ ఆ పాలమూరాయన వేళ్లే. మొత్తం మందు టన్నుకు అరకిలో కావచ్చు, కొన్ని కిలోలు కావచ్చు, రాయిని బట్టి. ఇంత చేసినా 90 ఆశించకండి. 70 వస్తే సంతోషంగా ఇంటికి పోవచ్చు.

ఎందుకు 70? సగం పాపం మట్టిది. మాగిన రాయిలో బంకమట్టి ఉంటుందని మొరంలో చూశాం. మిల్లులో నీళ్లు తగలగానే అది వానకు తడిసిన రేగడిలా అవుతుంది. దుమ్ములాంటి ఆ రేణువులు, స్లైమ్స్ అంటాం, ఖనిజం ఒంటి మీద పులుముకుంటాయి, మందంతా తాగేస్తాయి. ఇక్కడ మీ ఊరి పేరు పెట్టుకున్న ఒక పద్ధతి గుర్తొస్తుంది. నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, పటిక వేస్తే తెట్టు కట్టి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. చెదిరి ఉన్నదాన్ని ముద్ద చేయడం ఆ పద్ధతి. ఫ్లోటేషన్‌లో మాకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ముద్దలు కట్టకూడదు, ఎవరి రేణువు వాళ్లది కావాలి. దానికి సోడియం సిలికేట్ వేస్తాం. అంతకుముందే హైడ్రోసైక్లోన్ అనే సుడి తిప్పే గొట్టంలో తిప్పి సన్నటి బురదను కడిగేస్తాం. ఆ బురదతో కొంత రాగీ పోతుంది. మనసు చివుక్కుమంటుంది, పోనివ్వాలి.

సీసం, జింకు సంగతి త్వరగా చెప్పేస్తాను, టైము చూపిస్తున్నారు. సీసం మాగితే సెరుసైట్ అవుతుంది. అది రాగి మాలకైట్ లాగానే సల్ఫైడ్ పొరకు లొంగుతుంది, మందు మాత్రం ఎక్కువ తాగుతుంది. కృష్ణ దాటితే పల్నాడు వైపు అగ్నిగుండాల ప్రాంతంలో బండ్లమొట్టు సీసపు గని ఉండేది. అక్కడే ఒక రాగి బ్లాకు పేరు నల్లకొండ. మన నల్లగొండ కాదు, కంగారు పడకండి. జింకు మాగితే స్మిత్సొనైట్. అది మొండిఘటం. సల్ఫైడ్ పూసినా జాంథేట్‌ను సరిగ్గా పట్టుకోదు, అమీన్ అనే వేరే కలెక్టర్ కావాలి. ఆ అమీన్‌కు బురద అసలు పడదు.

ఇప్పుడు చింతపండు. అందరూ నన్ను అడిగేది ఇదే. అంత కష్టపడి తేల్చడం ఎందుకు, చెంబును తోమినట్టు ఆమ్లంతో కరిగించవచ్చు కదా? కరిగించవచ్చు. ప్రపంచంలో చాలా చోట్ల అదే చేస్తున్నారు. గుట్ట పోసి, పైనుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం చిలకరించి, కిందికి దిగిన నీలి ద్రవం నుంచి కరెంటుతో రాగి తీస్తారు. క్రిసోకొల్లా అనే రాగి సిలికేట్ ఉంటే అదే దారి, దాన్ని తేల్చడం దాదాపు అయ్యే పని కాదు. కానీ రాగి చుట్టూ ఉన్నది సున్నపురాయి అయితే? మిర్యాలగూడ, హుజూర్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరి రాయి మీద యాసిడ్ చుక్క వేసి చూడండి, బుసబుసమంటుంది. రాగిని చేరేలోపు యాసిడ్ మొత్తం సున్నపురాయి తాగేస్తుంది. అక్కడ మళ్లీ నురగ దగ్గరికే రావాలి. నాకేమో యాసిడ్ గుట్టల కన్నా నురగ తొట్టే ఇష్టం. అది శాస్త్రం కాదు, అలవాటు.

ఏమైనా అడుగుతారా? లోపలున్న రాగి శాతం రెండు రాళ్లలో ఒకటే అయితే, రెండూ ఒకేలా తేలతాయా? అదీ, ఆ అమ్మాయి చెప్పింది. తేలవు, బుడగకు లోపలి శాతం అనవసరం.

ప్రసంగం మొదలవకముందు ఒక పెద్దాయన నా చేతిలో రాయి పెట్టారు, వాళ్ల చేనులో బోరు వేసినప్పుడు వచ్చిందట. పచ్చటి చార ఉంది. రాగి అవునా కాదా అని. ఎవరి దగ్గరైనా చాకు ఉందా? ఉంటే ఇవ్వండి. మాలకైట్ అయితే చాకుతో గీస్తే గీత పడాలి, పచ్చటి పొడి రాలాలి. గీస్తున్నాను... చూడండి అన్నా, గీత పడలేదు, చాకు మొన ఇనుమే దాని మీద అంటుకుంది. ఇది ఎపిడోట్, మన గ్రానైట్‌లో ఇలాంటి పచ్చ చారలు మామూలే. రాగి కాదు. నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయో అది చెప్పండి ముందు.